కంపెనీ రిమ్ముల మీద ఎంత పెద్ద టైరు వేయించవచ్చు?

అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో, డెన్వర్ శివారులో కుటుంబంతో ఉంటున్న ఒక పాఠకుడు తన పేరు వెల్లడించవద్దని కోరుతూ సుదీర్ఘమైన ఉత్తరం రాశారు. ఆయన గత ఏడాది 2018 మోడల్ లెక్సస్ జీఎక్స్ 460 బండిని సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. కంపెనీ ఇచ్చిన 18 అంగుళాల అల్లాయ్ చక్రాలే దానికి ఇప్పటికీ ఉన్నాయి. వాటి మీద ఉన్న 265/60 ఆర్ 18 (265 మిల్లీమీటర్ల వెడల్పు, అందులో 60 శాతం పక్క ఎత్తు, 18 అంగుళాల రిమ్) రోడ్డు టైర్లు అరిగిపోయాయి కనుక చలికాలంలోపు మార్చక తప్పదు. ఎలాగూ మారుస్తున్నప్పుడు మట్టిదారులకూ రాళ్లదారులకూ పనికొచ్చే పెద్ద ఆల్ టెరైన్ టైర్లు వేయించుకోవాలని ఆయన ఆశ. వచ్చే వేసవిలో ఆయన కుటుంబం, యూటాలో ఉన్న ఆయన బావమరిది కుటుంబం కలిసి కొలరాడో నైరుతి కొండల్లోని ఆల్పైన్ లూప్ దారిలో వెళ్లాలనుకుంటున్నారు. బావమరిది తన బండికి లిఫ్ట్ చేయించి, అంటే సస్పెన్షన్ మార్చి బండిని పైకి లేపించి, 33 అంగుళాల టైర్లు వేశారు. “33 లేకుండా ఆ కొండల్లోకి వస్తే సగంలో ఆగిపోతావు బావా” అని ఆయన పట్టుదల. భార్య అందుకు ఒప్పుకోవడం లేదు. ఇంత మెత్తగా, నిశ్శబ్దంగా నడిచే బండిని చేజేతులా పాడుచేసుకోవడమెందుకని ఆమె వాదన. పైగా సంక్రాంతి తర్వాత ఒంగోలు నుంచి ఆమె అత్తగారు, అంటే ఈ పాఠకుడి తల్లి, ఆరు నెలలు ఉండడానికి వస్తున్నారు, ఆమెకు మోకాళ్ల నొప్పులు. రెండు టైర్ల దుకాణాల్లో విచారిస్తే, కంపెనీ కొలత తప్ప మరొకటి వేయబోమని ఒకరు చెప్పారు. రెండు అంగుళాల లిఫ్ట్ వేసి ‘కొంచెం కోస్తే’ 275/70 ఆర్ 18 చక్కగా పడుతుందని, ఈ వారాంతంలోగా అడ్వాన్సు కడితే తగ్గింపు ఇస్తామని మరొకరు అన్నారు. కోతలేమీ లేకుండా ఈ రిమ్ముల మీద ఎంత పెద్ద టైరు వేయవచ్చు, దానివల్ల బండికి ఏమవుతుంది, ఇంట్లో ఈ మాట ఎలా తెగుతుంది అని ఆయన అడుగుతున్నారు.

మీ ఉత్తరం శ్రద్ధగా చదివాను. అందులో రెండు వేర్వేరు విషయాలు కలిసిపోయి ఉన్నాయి. ఒకటి ఎలాంటి టైరు అన్నది, రెండోది ఎంత ఎత్తు టైరు అన్నది. మీరు కోరుకుంటున్న మంచులో పట్టు, కంకర మీద నిలకడ, పదునైన రాళ్లకు తెగని గట్టి సైడ్‌వాల్ (టైరు పక్క భాగం) చాలావరకు టైరు రకాన్ని బట్టి వస్తాయి. మీ బావమరిది పట్టుబడుతున్నది ఎత్తు గురించి. మీ శ్రీమతి అభ్యంతరం కూడా దాదాపు పూర్తిగా ఎత్తు, బరువుల గురించే. ఈ రెండింటినీ విడదీస్తే మీ ఇంట్లో నిజమైన భేదాభిప్రాయం మీరు అనుకుంటున్నంత పెద్దది కాదని నాకు అనిపిస్తోంది. అందువల్ల ముందుగా కొలతల సంగతి చూద్దాం.

మీ బండికి కంపెనీ ఇచ్చిన 265/60 ఆర్ 18 టైరు నిలువు కొలత సుమారు 775 మిల్లీమీటర్లు, అంటే ముప్ఫైన్నర అంగుళాలు. అదే వెడల్పులో 265/65 ఆర్ 18 తీసుకుంటే 802 మిల్లీమీటర్లు అవుతుంది, అంటే 31.6 అంగుళాలు. 275/65 ఆర్ 18 అయితే 815 మిల్లీమీటర్లు, 32 అంగుళాలు. దుకాణంవారు చెప్పిన 275/70 ఆర్ 18 అయితే 842 మిల్లీమీటర్లు, 33 అంగుళాలకు కొంచెం పైన. పెరిగిన కొలతలో సగమే నేలకూ బండికీ మధ్య ఎడంగా మిగులుతుంది కాబట్టి 265/65తో మీకు దక్కేది 13 మిల్లీమీటర్లు, 275/70తో 33 మిల్లీమీటర్లు. ఈ రెండింటి మధ్య తేడా 20 మిల్లీమీటర్లు. దుకాణంవారు చెబుతున్న లిఫ్ట్, కోత, వాటి వెంట వచ్చే ఖర్చు అంతా ఈ రెండు సెంటీమీటర్ల కోసమేనని గుర్తుంచుకుని మిగతాది చదవండి. అయితే ఒక మాట మీ బావమరిది పక్షాన కూడా చెప్పాలి. జీఎక్స్ 460 వెనుక ఇరుసు ఒకే దిమ్మగా ఉండే రకం కాబట్టి, లిఫ్ట్ ఎంత వేసినా వెనుక డిఫరెన్షియల్ గుండు (ఇరుసు మధ్యలో గేర్లుండే భాగం) నేలనుంచి ఒక్క మిల్లీమీటరు కూడా పైకి లేవదు. దాన్ని పైకి లేపగలిగేది పెద్ద టైరు ఒక్కటే. పెద్ద రాళ్ల మీదుగా తరచుగా నడిపేవారు టైరు ఎత్తు కోసం తాపత్రయపడటంలో అర్థం ఉంది.

265/65 ఆర్ 18 మీ రిమ్ముల మీద సజావుగా కూర్చుంటుంది. మీ చక్రం వెడల్పు ఏడున్నర అంగుళాలు, ఆ టైరుకు అనుమతించిన రిమ్ వెడల్పు ఏడున్నర నుంచే మొదలవుతుంది. లిఫ్ట్ లేకుండానే చాలా జీఎక్స్ బండ్లకు ఈ కొలత పడుతుంది. తగిలితే గిగితే ఒకే చోట తగులుతుంది. స్టీరింగును పూర్తిగా ఒక పక్కకు తిప్పి, ఇంటి ముందు వాలు మీదుగా వెనక్కి తీస్తున్నప్పుడు ముందు టైరు భుజం చక్రపు గూడు వెనుక కింది మూలనున్న ప్లాస్టిక్ లైనరునో, మడ్ ఫ్లాపునో రాసుకుంటుంది. బరబరమని చిన్న చప్పుడు వస్తుంది. దిగి చూస్తే ఆ నల్లటి ప్లాస్టిక్ మీద చేతి వెడల్పున నున్నగా మెరిసే గీత కనిపిస్తుంది. మడ్ ఫ్లాపు తీసేయడంతోనో, లైనరును వేడిగాలితో మెత్తబరచి కాస్త వెనక్కి నొక్కడంతోనో ఇది పోతుంది. ఇనుము జోలికి వెళ్లవలసిన అవసరం రాదు.

ఈ సందర్భంలో మీ కంపెనీ చక్రాల గురించి మీరు గమనించవలసిన మంచి ఒకటి ఉంది. చక్రాన్ని హబ్బుకు బిగించే తలం రిమ్ మధ్యరేఖ నుంచి ఎంత బయటికి జరిగి ఉందో చెప్పే కొలతను ఆఫ్‌సెట్ అంటారు. కంపెనీ చక్రాలకు ఇది ఎక్కువగా ఉంటుంది కాబట్టి టైరు లోపలికి ఒదిగి ఉంటుంది. బయట దొరికే ఫ్యాషన్ చక్రాలు చాలావరకు టైరును బయటికి నెడతాయి. చూడటానికి బండి విశాలంగా, దిట్టంగా కనిపిస్తుంది, కాని స్టీరింగు తిప్పినప్పుడు ఆ టైరు పెద్ద వంపులో తిరిగి వెనుక మూలను మరింత గట్టిగా తాకుతుంది. అంటే ఒకే టైరు కంపెనీ చక్రం మీద తగలకుండా తిరిగి, బయటి చక్రం మీద తగలవచ్చు. చక్రానికీ హబ్బుకూ మధ్య పెట్టే స్పేసర్లు వేసినా ఇదే జరుగుతుంది. అందుచేత కంపెనీ చక్రాలు ఉంచుకోవాలన్న మీ ఆలోచన డబ్బు ఆదా కోసమే అయినా సాంకేతికంగా కూడా సరైనదే. ఇందులో ఒక పరిమితి మాత్రం ఉంది. టైరు మరీ వెడల్పైతే లోపలి వైపున సస్పెన్షన్ పై చేతికి (అప్పర్ కంట్రోల్ ఆర్మ్) దగ్గరవుతుంది. 285 వెడల్పు టైర్లను ఎవరైనా సూచిస్తే ఒప్పుకోకండి. 285/65 ఆర్ 18కి కనీసం ఎనిమిది అంగుళాల రిమ్ కావాలి.

ఇక 275/70 ఆర్ 18 సంగతి. దుకాణంలో ‘కొంచెం కోస్తే’ అన్న మాట వెనుక ఉన్నదేమిటో అడ్వాన్సు కట్టే ముందు మీరు తెలుసుకోవాలి. చక్రపు గూడు వెనుక, బాడీని ఛాసిస్‌కు బిగించే మౌంటు ఒకటి ఉంటుంది. 33 అంగుళాల టైరు తిరగాలంటే ఆ మౌంటు మూలను కోసి, ఇనుప పలక పెట్టి వెల్డింగ్ చేసి, రంగు వేయాలి. నేర్పున్న చేతిలో ఇది ప్రమాదకరమేమీ కాదు, ఎందరో చేయించుకుని నిశ్చింతగా తిరుగుతున్నారు. కాని మీ రాష్ట్రంలో చలికాలంలో రోడ్ల మీద మెగ్నీషియం క్లోరైడ్ చల్లుతారు కాబట్టి, రంగు సరిగా పట్టని వెల్డింగ్ అంచు దగ్గర తుప్పు మొదలైతే ఆగదు. అలాగే ఆ కోతను తర్వాత మనసు మారినా పూడ్చలేము. లిఫ్ట్ వేశాక అలైన్‌మెంట్ మళ్లీ కుదరాలి, అందుకోసం ముందు చక్రాల సస్పెన్షన్ పై చేతులు కొత్తవి కొనవలసి రావచ్చు. మీ బండికి వెనుక ఎయిర్ సస్పెన్షన్ గాని, కేడీఎస్ఎస్ (మలుపుల్లో బండి ఒరగకుండా చూసే హైడ్రాలిక్ ఏర్పాటు) గాని ఉంటే వాటికి తగిన ఏర్పాటు వేరుగా చేయాలి. హెడ్‌లైట్ల కోణం దించాలి. వీటిలో ఏది మీ కొటేషన్‌లో ఉంది, ఏది లేదు అని రాతపూర్వకంగా అడగండి.

దీని ప్రభావం ఇంజను మీద కూడా పడుతుంది. టైరు కొలత సుమారు ఎనిమిదిన్నర శాతం పెరిగితే మీ 3.909 యాక్సిల్ నిష్పత్తి (ఇరుసులోని గేర్ల నిష్పత్తి) 3.6 ఉన్నట్లుగా పని చేస్తుంది, అంటే బండి లాగుడు ఆ మేరకు తగ్గుతుంది. సముద్రమట్టంలో 301 హార్స్‌పవరు ఇచ్చే ఆ 4.6 లీటర్ల వీ8 ఇంజనుకు టర్బో లేదు కాబట్టి ప్రతి వెయ్యి అడుగుల ఎత్తుకూ దాదాపు మూడు శాతం బలం తగ్గుతుంది. మీరుండే ఐదువేల అడుగుల పైచిలుకు ఎత్తులోనే కొంత పోయింది. ఐ-70 హైవే మీద 11,158 అడుగుల ఎత్తున్న ఐసెన్‌హోవర్ సొరంగం దగ్గరికి చేరేసరికి సుమారు మూడోవంతు పోతుంది. ఆ ఎక్కుడులో బండి నిండా మనుషులు, సామాను ఉన్నప్పుడు గేరు కిందికి మారడం, ఇంజను మూలగడం మీకు ఇప్పటికే అనుభవమై ఉంటుంది. దాని మీద ఈ బరువైన ఎత్తైన టైర్లు చేరితే ఆ ఇబ్బంది రెట్టింపైనట్లే తోస్తుంది. 265/65తో నిష్పత్తి 3.78 దగ్గర నిలుస్తుంది, ఆ తేడాను మీరు కొన్ని రోజుల్లోనే మరచిపోతారు. స్పీడోమీటరు సంగతి కూడా ఇంతే. 65 మైళ్లు చూపుతున్నప్పుడు 265/65తో అసలు వేగం సుమారు 67 ఉంటుంది, 275/70తో 70 దాటుతుంది.

మీ అమ్మగారి మోకాళ్ల విషయం నేను తేలిగ్గా తీసుకోను. రెండు అంగుళాల లిఫ్ట్, 33 అంగుళాల టైరు కలిస్తే బండి నేల నుంచి మూడు అంగుళాలకు పైగా లేస్తుంది. మీ చేతికి అందే ఎత్తే అయినా, మోకాలు వంచలేని మనిషికి పక్కనున్న మెట్టు మూడు అంగుళాలు పైకి పోవడమంటే గుడికి వెళ్లాలన్నా, డాక్టరు దగ్గరికి వెళ్లాలన్నా ప్రతిసారీ ఒకరి భుజం పట్టుకోవాలి. 265/65తో పెరిగేది అర అంగుళమే. ఆమె ఉండేది ఆరు నెలలే కదా అని మీకు అనిపించవచ్చు, కాని ఆమె ఇల్లు కదిలి బయటికి వచ్చే ఆ ఆరు నెలల్లో ఎక్కేది ఈ బండే.

275/65 ఆర్ 18 మధ్యేమార్గంగా కనిపిస్తుంది. రిమ్ వెడల్పు సరిపోతుంది, లైనరు దగ్గర సర్దుబాట్లు ఇంకొంచెం ఎక్కువ అవసరపడవచ్చు. మీరు ఏటా రెండు మూడుసార్లు రాళ్లదారులకు వెళ్లేవారైతే దీన్ని పరిశీలించమనేవాణ్ని. మీరు రాసిన వాడకానికి అంత అవసరం కనిపించలేదు.

కొలత కంటే ఎక్కువగా మీ శ్రీమతి అభ్యంతరాన్ని తీర్చగలిగేది, లేదా నిజం చేయగలిగేది, మరొకటి ఉంది. దుకాణాల్లో దాని గురించి సాధారణంగా ఎవరూ చెప్పరు. ఒకే 265/65 ఆర్ 18 కొలతలో రెండు జాతుల టైర్లు దొరుకుతాయి. కొలతకు ముందు ఎల్‌టీ (లైట్ ట్రక్) అక్షరాలు ఉన్నవి, లోడ్ రేంజ్ ఈ అని రాసినవి, బరువులు లాగే పికప్పుల కోసం చేసినవి. వాటి పక్కలు మందం, బరువు ఎక్కువ, ఒక్కో టైరుకు నాలుగైదు కిలోల దాకా తేడా ఉండటం మామూలే. అదే బరువు మోయడానికి వాటికి గాలి కూడా ఎక్కువ పెట్టాలి కాబట్టి రోడ్డు మీది ప్రతి అతుకూ సీటులోకి తెలుస్తుంది. ఎల్‌టీ లేని మామూలు రకం ఆల్ టెరైన్ టైరు దానికంటే చాలా మెత్తగా నడుస్తుంది, ట్రెడ్ మాత్రం దాదాపు అదే ఉంటుంది. మీ బావమరిది బండిలో కూర్చుని వచ్చిన తర్వాత ‘ఇలాంటివి వద్దు’ అని మీ శ్రీమతి అని ఉంటే, ఆమె వద్దన్నది బహుశా ఆ లోడ్ రేంజ్ ఈ టైర్ల కుదుపునే. మీరు వారానికోసారి కంకరదారులకు వెళ్లి, పదునైన రాళ్ల మధ్య తిరిగేవారైతే ఆ మందం విలువైనది. ఏడాదికి ఒకటి రెండు కొండ ప్రయాణాలు, మిగతా రోజులు ఆఫీసు, బడి, మంచు రోడ్లు అయితే మామూలు రకమే సరిపోతుంది. టైరు పక్కన కొలత తర్వాత వచ్చే లోడ్ సూచిక మాత్రం చూసుకోండి. మీ పాత టైరుది 109, అంటే 1,030 కిలోలు. కొత్తది అంతకు తగ్గకూడదు. ఈ కొలతలో దొరికే మామూలు ఆల్ టెరైన్ టైర్లకు సాధారణంగా 114 ఉంటుంది కాబట్టి ఇబ్బంది ఉండదు.

ఏమీ మార్చకుండా 265/60 ఆర్ 18లోనే ఆల్ టెరైన్ టైరు వేయించుకోవడం కూడా ఒక దారి. కంపెనీ కొలత తప్ప వేయబోమన్న దుకాణంవారు దీనికి అభ్యంతరం చెప్పరు, స్పీడోమీటరు మారదు, ఏదీ ఎక్కడా తగలదు. ఈ కొలతలో రకాలు తక్కువ, సైడ్‌వాల్ ఎత్తు 159 మిల్లీమీటర్లే. 65తో అది 172 అవుతుంది. రాళ్ల మీద గాలి తగ్గించి నడిపేటప్పుడు, రిమ్ముకు దెబ్బ తగలకుండా కాపాడేది ఆ పక్క ఎత్తే కాబట్టి, కొండ ప్రయాణం ఖాయమనుకుంటే 65కే నా ఓటు. ఖాయం కాకపోతే 60 కూడా తప్పు నిర్ణయం కాదు.

ఇక ఆల్పైన్ లూప్. లేక్ సిటీ, సిల్వర్టన్, యూరే పట్టణాలను కలిపే ఆ దారిలో ఎంజినీర్ పాస్ 12,800 అడుగులు, సినమన్ పాస్ 12,640 అడుగుల ఎత్తున ఉన్నాయి. ఎత్తుగా ఉండే ఫోర్ వీల్ డ్రైవ్ బండి కావాల్సిన దారే అది, కాని మార్పులేమీ చేయని బండ్లు వేసవిలో అక్కడ తిరుగుతూనే ఉంటాయి. లో రేంజ్ గేరున్న మీ జీఎక్స్‌కు ఆగిపోయేంత పరీక్ష ఆ దారి సాధారణంగా పెట్టదు. మీ బండిలో ముందుగా నేలను తాకేది బంపరు కింది పెదవి, ఆ తర్వాత పక్క మెట్లు. అందుకే ఆ ప్రయాణం కోసం నేను మిమ్మల్ని కొనమనేది ఒక మంచి గాలి గేజి, బ్యాటరీకి తగిలించే కంప్రెసరు. కంకర మొదలైన చోట ఆగి 22-25 పీఎస్ఐకి గాలి తగ్గిస్తే టైరు రాయిని పట్టుకుంటుంది, పిల్లలకూ వెనుక సీటులో కుదుపు తగ్గుతుంది, టైరు తెగే అవకాశం కూడా తగ్గుతుంది. తిరిగి రోడ్డెక్కే ముందు మళ్లీ నింపాలి, తక్కువ గాలితో హైవే మీద వేగంగా వెళితే టైరు వేడెక్కి పగిలిపోతుంది. 33 అంగుళాల టైరు గాలి తగ్గించకుండా ఇచ్చే పట్టు కంటే 31.6 అంగుళాల టైరు గాలి తగ్గించినప్పుడు ఇచ్చే పట్టు మేలు. మీ బావమరిది ఈ మాట ఒప్పుకుంటారనే నా నమ్మకం, ఆయన కూడా దారిలో గాలి తగ్గిస్తూనే ఉండి ఉంటారు.

చలికాలం గురించి కూడా ఆలోచించండి. డోట్సెరో నుంచి మారిసన్ వరకు ఐ-70 మీద సెప్టెంబరు 1 నుంచి మే 31 దాకా ట్రాక్షన్ చట్టం (టైర్లకు రోడ్డు మీద తగినంత పట్టు ఉండాలనే నియమం) అమలులో ఉంటుంది. టైరు గాడి లోతు కనీసం అంగుళంలో పదహారింట మూడు వంతులు ఉండాలి. మీరు ఎంచుకునే ఆల్ టెరైన్ టైరు పక్కన మూడు శిఖరాల పర్వతంలో మంచు నక్షత్రం ఉన్న గుర్తు చూసి తీసుకోండి, ఎం ప్లస్ ఎస్ (బురద, మంచు) గుర్తు ఒక్కటే ఉన్నదాని కంటే అది మంచులో నమ్మదగినది. గడ్డకట్టిన మంచు మీద ఆ గుర్తున్నదైనా ప్రత్యేక చలికాలపు టైరుకు సాటి రాదు. ప్రతి పది డిగ్రీల ఫారెన్‌హీట్ చలికి దాదాపు ఒక పీఎస్ఐ తగ్గుతుంది కాబట్టి అక్టోబరులో ఒకసారి గాలి చూసుకోండి.

నాలుగు చక్రాలకూ ఎప్పుడూ శక్తి అందే బండి మీది. నాలుగు టైర్లూ ఒకే కొలత, ఒకే రకం, దాదాపు ఒకే అరుగుదల ఉండాలి, లేకపోతే ముందు, వెనుక ఇరుసులకు శక్తిని పంచే మధ్య డిఫరెన్షియల్ ఆగకుండా పని చేస్తూ వేడెక్కుతుంది. అందుచేత ఐదోది, వెనుక అడుగున వేలాడే స్టెప్నీ కూడా అదే కొలతది కొనండి. 265/65 అక్కడ సాధారణంగా పడుతుంది, 33 అంగుళాలదైతే వేరే చోటు వెతుక్కోవాలి. ఆ ఖర్చు కూడా దుకాణంవారి కొటేషన్‌లో ఉండి ఉండదు.

ఇంట్లో మాట గురించి నా సూచన ఇది. మీ శ్రీమతితో ‘పెద్ద టైర్లు వేయించనా’ అని కాకుండా, ఎల్‌టీ కాని 265/65 వేయించుకోవడం, ఏదీ కోయకపోవడం, అమ్మ ఎక్కే మెట్టు అర అంగుళం మాత్రమే పెరగడం అన్న మూడింటినీ కలిపి చెప్పి ఆమె అభిప్రాయం అడగండి. వీలైతే అలాంటి టైర్లున్న బండిలో ఆమెను ఒకసారి హైవే మీద తీసుకువెళ్లండి. ఒప్పుకోకపోతే 60 సైజు ఆల్ టెరైన్‌తో ఆమెకు గాని మీకు గాని పెద్ద నష్టం లేదు. మీ బావమరిదికి కోత సంగతి చెప్పి, ఒక ఏడాది తిరిగి చూశాక మళ్లీ ఆలోచిస్తానని అనండి, ఆ మాట నిజమే కూడా, ఎందుకంటే లిఫ్ట్ ఎప్పుడైనా వేసుకోవచ్చు, కోసిన మౌంటును మాత్రం తిరిగి తేలేరు. ఈ వారాంతంలోగా అడ్వాన్సు కట్టవద్దు. తగ్గింపు మళ్లీ వస్తుంది.

మొదటి దుకాణంవారు నిరాకరించారని మీ ఎంపిక ప్రమాదకరమని భావించకండి. డ్రైవరు తలుపు పక్కనున్న చీటీ మీద లేని కొలత వేస్తే బాధ్యత తమ మీదికి వస్తుందని చాలా దుకాణాలు నియమంగా నిరాకరిస్తాయి. ఆఫ్ రోడ్ బండ్ల పని చేసే మరో దుకాణంలో 265/65 వేయడానికి సాధారణంగా అభ్యంతరం ఉండదు. బీమా సంస్థకు మార్పు గురించి ఒక ఈమెయిలు పంపి ఉంచండి.

టైర్లు వేయించిన రోజు దుకాణం ఆవరణలోనే స్టీరింగును రెండు వైపులా చివరిదాకా తిప్పి ముందుకూ వెనక్కూ నడిపి చూడండి. మొదటి యాభై నుంచి వంద మైళ్ల లోపు నట్ల బిగింపు మళ్లీ సరిచూపించండి. తర్వాత ట్రెడ్ మీద అడ్డంగా సుద్దముక్కతో గీత గీసి చదునైన రోడ్డు మీద కొద్ది దూరం నడపండి. మధ్యలో మాత్రమే చెరిగితే గాలి ఎక్కువ, అంచుల్లో మాత్రమే చెరిగితే తక్కువ. గీత వెడల్పంతా సమంగా చెరిగే దాకా సరిచేసుకుని, చీటీ మీది గాలి కంటే తగ్గకుండా చూసుకుని, ఆ అంకెను గేజి డబ్బా మీద రాసి పెట్టుకోండి.